ఏడో వాల్వు

ఆట నేను చూడలేదు.
ఫైనల్ రోజు గడ్డిపనోళ్లు పైపుల గదిలోంచి కదలకూడదని ఆర్డరు.
గోడకి వీపానించి విన్నానంతే:
జహ్రా ఊరు ఊరంతా ఒక్కసారి పీల్చిన ఊపిరి,
వదిలిన బూతు,
మూడుసార్లు పొడుగ్గా విజిల్.

ఒంటిగంటకు జనం ఖాళీ అయ్యాక
ఇసుక బకెట్టూ, ముళ్ల పారా పట్టుకుని
నేనూ ఓబులేసూ మైదానంలోకి దిగాం.

శెనక్కాయ చేలో పందులు పడ్డ పొద్దున
మా నాయిన అడుగులు చూసి చెప్పేవాడు,
ఎన్నొచ్చాయి, ఎటు పోయాయి, దేనికి బెదిరాయని.
నేనూ అట్లానే చదువుకుంటూ పోయాను.

మధ్యగీతకి ఇవతల మూరెడు గాటు.
ఇది బంతి కోసం చాచిన కాలు కాదు.
బంతి కోసమైతే గాటు వంపు తిరిగి చివర తేలిపోతుంది.
ఇది తిన్నగా, బెత్తెడు లోతున దిగింది.
మనిషి కోసం వేసిన కాలు.
పక్కనే రెండు మోకాళ్ల గుంటలు,
నొప్పికి ఎవరో గుప్పెడు పీకిన గడ్డి.
ఓబులేసు ఫోన్లో చూసి, "పన్నెండో నిమిషం," అన్నాడు,
"పసుపు చీటీతో వదిలేశారు."

వదిలేస్తే పోతుందా బాకీ.
పది అడుగుల అవతలే వడ్డీతో తీరింది.
ఎర్రచొక్కా పిల్లోడు మోచేయి ఎత్తాడట.
గడ్డి పోచల మీద నెత్తురు నల్లగా అట్టకట్టింది,
నీళ్లు కొట్టినా దిగలేదు.
అక్కణ్ణించి ఒక్కడి అడుగులు,
పరుగు లేని అడుగులు, సొరంగం దాకా.
గీత దాటేముందు ఆగి వెనక్కి తిరిగిన గుర్తు.
అవును, నా గది తలుపును ఎవరో తన్నింది అప్పుడే.

ఆ తర్వాత పదిమందే.
గాట్లు చిన్నవయ్యాయి, దగ్గరయ్యాయి,
అలిసిన కాళ్లు ఈడ్చుకుంటూ నడిచిన చారలు.
గోల్ ముందుకొచ్చేసరికి
ఓబులేసు ఫోను జేబులో పెట్టేశాడు.

బారెడు పొడుగున జారిన గీత.
ఎనభై ఎనిమిదో నిమిషం.
వెనక్కి తోసిన బంతి నత్తలా వచ్చిందట,
మిషాల్ ముందుకొచ్చాడట, జారాడట,
తెల్లచొక్కావాడు ఖాళీ గోల్‌లోకి నడిపించాడట.
క్యాంపులో అప్పటికే అంటున్నారు,
అవి గోల్‌కీపర్ కాళ్లా, అరటితొక్కలా అని.

నేను వంగి అరచెయ్యి ఆనించాను.
మైదానమంతా పొడి. ఇక్కడొక్కటే తడి.

ఏడో వాల్వు.
మంగళవారమే చెప్పాను వాషర్ అరిగిందని.
"బుక్రా," అన్నాడు సూపర్‌వైజర్ రజబ్.
బుక్రా అంటే రేపని అర్థం,
ఏ రేపో మాత్రం చెప్పరు.
పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి చుట్టాను,
ఆగింది, సరిపోతుందిలే అనుకున్నాను.

"ఇక్కడ తడెందుకు?" అన్నాడు ఓబులేసు.
"మంచు," అన్నాను.

అప్పుడొచ్చాడతను.
ఆరడుగుల మనిషి, ఉత్త కాళ్లతో,
చేతి తొడుగులింకా తియ్యలేదు.
జారిన గీత పక్కన నిలబడి
బడిపిల్లోడు తప్పు రాసిన లెక్క చూసుకున్నట్టు
ఆ మొదలు నుంచి ఈ చివరకి చూశాడు.
గీత మీద పాదం పెట్టాడు.
ఎత్తి, అరికాలు చూసుకున్నాడు.
తర్వాత నా చేతిలో బకెట్టును.

క్షమించమనడానికీ పోనీలే అనడానికీ
ఇక్కడ ఒకటే మాట.
"మాలేష్," అన్నాను.

ఏ అర్థం తీసుకున్నాడో.
నా భుజం మీద చెయ్యేసి ఒక క్షణం ఉంచాడు,
ఆ తొడుగు గరుకు చొక్కాలోంచి తగిలింది.
వెళ్లిపోయాడు.

నేను కూర్చుని ఇసుక పోశాను,
విత్తనం చల్లాను, పాదంతో అదిమాను.
తొమ్మిది రోజుల్లో మొలిచేస్తుంది,
ఏ కెమెరాకీ కనపడదు.

ట్యూబు ముక్క విప్పి జేబులో వేసుకున్నాను.
బస్సులో క్యాంపుకి పోతున్నంతసేపూ
తొడ మీద తడి.