హెల్‌వోగ్ పోక

సొరంగం తెరిచి పదకొండు రోజులు.
పడవ ఆగి పది.
ఆ ఒక్క రోజూ ఖాళీగా తిరిగింది, పంతానికి.

ఫెర్రీ కంపెనీ మూడో అంతస్తులో
నల్లటి తెర ముందు ఓడ్‌బ్యోర్గ్.
మన చెవికి పేరులోనే ఓడ ఉన్న మనిషి.
ఆమెకు మాత్రం సముద్రం పడదు, కడుపులో తిప్పుతుంది.
ఇరవై రెండేళ్లుగా ఒడ్డున కూర్చునే
పడవలకు కబుర్లు మోసే సర్వర్‌ని సాకుతోంది.

మధ్యాహ్నం మూడు. కిటికీలో అప్పుడే పొద్దు గుంకింది.

ముందు జాబితా అడిగింది.
ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా సర్వర్
ఒక్కో గమ్యాన్నీ ఒక్కో వరుసలో చెప్పుకుపోయింది:
టికెట్లు
వాతావరణం
ఇంధనం
హెల్‌వోగ్ రాక
హెల్‌వోగ్ పోక

ఆ పేర్లు తను పెట్టినవే.
మంచు మీద జారి కుడి మణికట్టు విరిగిన చలికాలం
ఎడమచేత్తో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ.

తీసెయ్యడానికి ఒక్క వాక్యం చాలు.
నిజంగానా, అని అడగదు యంత్రం.
కొట్టువాడైనా అడుగుతాడు, చిల్లర లెక్క చూసుకున్నారా అని.

రాక ఖాళీగానే ఉంది. కొట్టింది.
ఆదేశం సఫలం, అంది తెర.
అంతే. ఒక ఊరికి రావడం అయిపోయింది.

పోకలో మూడున్నాయి.

మొదటిది ఎవరో కుర్రాడు పరీక్షకు పంపిన హలో.
రెండోది అలల ఎత్తు, ఏనాటివో.
మూడోది ఈ మధ్యాహ్నం పన్నెండూ పదికి
దీవి రేవులో ఎవరూ కరెంటు తియ్యని టికెట్ మిషను నుంచి:
ఒక మనిషి. ఒక సైకిలు.
రేపు ఉదయం ఆరూ నలభై పడవ.

యూస్టెయిన్‌కి ఫోను చేసింది.
"సోమవారం విప్పేస్తాంలే ఆ మిషను" అన్నాడు నములుతూ.
"సొరంగం ఉందిగా, దాంట్లోంచి వస్తాడు."

సొరంగంలోకి సైకిళ్లను రానివ్వరు.
ఆ మాట మీటింగుల్లో ఎవరన్నా అన్నారా?
ఆమె మాత్రం అనలేదు. కాఫీ కలుపుతూ కూర్చుంది.

వాక్యం మళ్లీ టైపు చేసింది, చివరి అక్షరం దాకా.
కర్సరు కొట్టుకుంటోంది,
రేవులో టోపీ చేత్తో పట్టుకుని
కాళ్లు మార్చి మార్చి నిలబడ్డవాడిలా.

వెనక్కి చెరిపేసింది, ఒక్కో అక్షరం.
దీపం ఆర్పింది.

కింద పార్కింగులో, మంచులో,
కారు వెనక సైకిలు తగిలించే కడ్డీ
ఇంకా బిగువుగానే ఉందా అని
చేతి తొడుగు తీసి
తడిమి చూసుకుంది.