మే నెలలో తెలుస్తుంది

మొదటి ఏడాది నేను పద్ధతిగల మనిషిని.
తెల్ల కొలంబైన్లు కిటికీ కింద,
నీలివి వాననీళ్ల పీపా పక్కన,
లేత ఊదావి గేటు దగ్గర.
వరుసకో చెక్కపుల్ల,
పుల్ల మీద పెన్సిల్‌తో పేరు.
ముప్ఫై ఒక్క ఏళ్లు హియర్‌ఫర్డ్ పోస్టాఫీసులో
ఉత్తరాలు అరల్లో సర్దిన చేతులు మరి,
ఎర్రమట్టి అంటగానే ఊరుకుంటాయా!

గోడ అవతల ఓస్విన్ ప్రాబర్ట్
నోట్లోంచి పైపు తీయకుండానే నవ్వాడు.
"వాటికి చిరునామాలు రాస్తున్నావా, ఆవెరిల్?
వాటికి చదువు రాదు."

రెండో మే నెలకి
తెల్లవాటి వరుసలో గులాబీ రంగుది ఒకటి
తల వంచుకుని నిలబడింది.
తప్పు చేసినందుకు కాదు,
సిగ్గుపడీ కాదు,
దాని నిలబడే తీరే అంత.
మూడో ఏటికి
నా పుల్లలన్నీ అబద్ధాలాడాయి.

దోషి ఎవరో తెలుసు.
ఎండలోనూ బొచ్చుకోటు విప్పని బంబుల్ తేనెటీగ.
ఓస్విన్ పెంచే వంకాయరంగు పువ్వులో పొర్లి,
గోడ దాటి,
కాళ్లు కడుక్కోకుండా నా తెల్ల ఇంట్లోకి వస్తుంది.
కొన్నిటికైతే గుమ్మం కూడా అక్కర్లేదు,
పువ్వు వెనక కొక్కెంలా వంగిన తోకకి
పట్టపగలే కన్నం వేసి
తేనె తాగి పోతాయి.

ఒకరోజు తాపీలాంటి చిన్న పార పట్టుకుని
కల్తీవన్నీ పీకేద్దామని కూర్చున్నాను.
వాన అప్పుడే వెలిసింది.
మూడేసి చీలికల ఆకు మీద
నీళ్లు తడపకుండా నిలబడ్డాయి,
చిట్లిన థర్మామీటరులోని పాదరసంలా.
వేలితో కదిపితే దొర్లాయి, కలిశాయి, మళ్లీ విడిపోయాయి.
ఎంతసేపు ఆడానో తెలీదు.
లేచేసరికి మోకాళ్లు తడిశాయి,
పార పొడిగా ఉంది.

ఇక్కడివాళ్లు వీటిని అవ్వటోపీలంటారు.
ఓస్విన్ అక్క మెహిటబెల్ మాత్రం ఒప్పుకోదు:
"మా అవ్వ అలాంటి టోపీయే పెట్టుకునేది,
ఆ టోపీ కింద మొహం చూస్తే పాలు విరిగేవి.
ఇలా తిరగేసి చూడు!"
తిరగేశాను.
అయిదు పావురాళ్లు గిన్నె చుట్టూ చేరి
మెడలు వంచి నీళ్లు తాగుతున్నాయి.
ఇన్నాళ్లూ వాటిని తలకిందులుగా వేలాడదీశానా
అని కాసేపు నిజంగానే బెంగ పడ్డాను.

ఆగస్టులో ఇంకో సరదా.
ఎండిన కాయలు నోళ్లు తెరుస్తాయి,
పక్కనుంచి పోతే గలగలమంటాయి,
ఇంట్లో ఎవరో చిల్లర లెక్కపెడుతున్నట్టు.
అరచేతిలో దులిపితే
ఆవాలకన్నా సన్నగా, నల్లగా, నిగనిగలాడుతూ...
సగం కోటు జేబులోకి పోయాయి.
ఆదివారం చర్చిలో రుమాలు తీస్తే
పక్కావిడ పాటల పుస్తకం నిండా అవే.
ఆవిడ వాటిని పేజీలోనే మూసి ఇంటికి తీసుకెళ్లింది.
ఏం పూశాయో ఇంకా చెప్పలేదు.

గింజ చల్లినంత మాత్రాన మొలవదు.
ఒక చలికాలం దాన్ని బాగా కరవాలి,
మట్టి రాయిలా బిగుసుకోవాలి,
అప్పుడు గానీ కళ్లు తెరవదు.
మొలిచినా చెప్పిన చోట కాదు:
బొగ్గుల కొట్టు వెనక,
ఇటుకల సందున,
విరిగిన టీ కుండీలో.
పిలవని పేరంటాళ్లు.
కదిపి వేరే చోట నాటితే అలుగుతాయి,
వేరు లోతుగా దిగిన వాటి పౌరుషం అది.

ఇప్పుడు నేను పుల్లలు పాతడం లేదు.
పాత కవర్లలో గింజలు మడిచి
బస్సు డ్రైవరుకీ, పళ్ల డాక్టరుకీ ఇస్తాను.
"ఏ రంగు?" అని అడుగుతారు.
కవరు మీద రాసే ఉంటుంది:
మే నెలలో తెలుస్తుంది.

ఈ ఉదయం
గుమ్మం ముందు రాతి పగులులో ఒకటి విచ్చుకుంది.
నీలం కాదు, ఊదా కాదు.
వానకి ముందు కొండల మీద వచ్చే
ఆ బూడిద వెలుగుకి
అంచున పొరపాటున ఒలికిన వెన్న.
ఓస్విన్‌ని కేకేశాను.
గోడ మీద మోచేతులాన్చి చాలాసేపు చూశాడు.
పైపు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీదాని రంగే," అన్నాను.
"ముక్కు మీది," అన్నాడు.

పాలు పోసే కుర్రాడు అప్పటికే వచ్చి వెళ్లాడు.
రోజూ పెట్టే మెట్టు వదిలేసి
సీసా ఒక జానెడు పక్కకి పెట్టాడు.