వాసన చూసి వెళ్ళేవాళ్ళ దారి

బ్రాడీపేట నాలుగో లైన్లో మేడ మీద గది.
కింద జాడీలకి మూతలు బిగిస్తుంటారు,
పైన నేను గళ్ళు గీస్తుంటాను.
కొన్నారా? అవునంటే కుడికి, కాదంటే ఎడమకి.
బుట్టలో వేసి వదిలేశారా? కాసేపాగి ఒక మాట.
అప్పటికీ ఉలకరా? మూడోరోజు పది శాతం తగ్గింపు.
నలభై రోజులైందా? ఈపాటికి జాడీ అడుగంటి ఉంటుంది,
కొత్త కారం దంచామని ఒక కబురు.

ఈ విద్య నాకు కంప్యూటరు నేర్పలేదు.
పదో తరగతి సెలవుల్లో
పట్నం బజారు కరీముల్లా కొట్లో పొట్లాలు కట్టాను.
తొడిమ తుంచి చూసేవాడు కొంటాడు.
రేటు మూడుసార్లు అడిగేవాడు పక్క కొట్లో కొనేసి వచ్చాడు.
తేజా అడిగి బాడిగ వంక చూసే ఆవిడకి
కావాల్సింది రంగు, ఘాటు గురించి చెప్పకు.
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఆయన చెప్పినవన్నీ
ఇప్పుడు నా గళ్ళల్లో షరతులు.
"చెయ్యి చూడు అబ్బాయ్, మొహం అబద్ధమాడుద్ది."
నాకు చేతులు కనపడవు.
వేలు ఎక్కడ ఆగిందో, ఎన్ని సెకన్లు ఆగిందో
అంతే.

అన్నిటికన్నా కష్టమైన గడి: ఆగు.
ఎంతసేపు?
ప్రమీల గారు గంట చాలంటారు, నేను ఒక పూటంటాను,
చింతపండు బేరంలా నాలుగు గంటల దగ్గర తెగుతుంది.

నాలుగువేల నాలుగొందల పదిహేడో కస్టమరు
బి. దేవసహాయం, ఖుర్దా రోడ్.
రాత్రి ఒకటిన్నర దాటాక పేజీ తెరుస్తాడు.
గోంగూర పండుమిరప, అరకిలో జాడీ.
బొమ్మని పెద్దది చేస్తాడు. ఇంకా పెద్దది.
కొనడు.
నా లెక్కలో అతను నిప్పు, నూటికి తొంభై నాలుగు.
నిప్పుంటే ఊదాలిగా!
పది శాతం, పదిహేను, ఉచిత రవాణా,
ఆఖర్న నేనే రాసుకుని నేనే మురిసిన ముక్క:
"దేవసహాయం గారూ, మీ జాడీ మీకోసం ఎదురుచూస్తోంది."

పదకొండో కబురుకి జవాబొచ్చింది.
జవాబొస్తే ఎటు పోవాలో నేను గీయలేదు.
మూడు రోజులు ఎవరూ తెరవని పెట్టెలో పడుంది.

"అయ్యా, నేను రైలు నడుపుతాను.
కడుపులో పుండని జనవరి నుంచి కారం మాన్పించారు.
రన్నింగ్ రూంలో పెరుగన్నం తిని
మీ బొమ్మ ఒకసారి చూసి పడుకుంటాను.
చూడకూడదంటే చెప్పండి, మానేస్తా.
డిస్కౌంటు మాత్రం పంపకండి,
మనసు లాగేస్తుంది."

కింద ఎవరో ఇంగువ పోపు వేశారు.
కరీముల్లా కొట్టు ముందు సాయంత్రాలు
ఒక రిక్షా ఆగేది.
ఆయన దిగడు, అడగడు.
గుండె నిండా గాలి పీల్చి, గట్టిగా తుమ్మి,
నవ్వుకుంటూ తొక్కుకుపోయేవాడు.
"రండి బాబాయ్" అనబోతే
కరీముల్లా నా మోచెయ్యి పట్టుకున్నాడు.
"ఆయన్ని పిలవకు. వాసనకి బిల్లు రాయం."

ఇన్నేళ్ళూ అన్ని షరతులూ రాశాను,
అదొక్కటీ రాయలేదు.

ఆ రాత్రే కొత్త దారి గీశాను.
చూసేవాళ్ళు, కొననివాళ్ళు, అయినా చూసేవాళ్ళు
ఇటు రావచ్చు.
కబుర్లుండవు, తగ్గింపులుండవు,
బొమ్మ మాత్రం కొంచెం స్పష్టంగా ఉంటుంది.
ఎవరైనా జవాబు రాస్తే నా ఫోను మోగుతుంది.
దేవసహాయం గారికి రెండే ముక్కలు రాశాను:
"చూడండి. పంపం."

పొద్దున ప్రమీల గారు కళ్ళజోడు సర్దుకుని
తెర మీద గీతని వేలితో పట్టుకుపోయారు.
"ఇదెక్కడికి పోద్ది?"
"ఎక్కడికీ పోదండి."
"మరి మనకేంటి?"
చెప్పేలోగా మిర్చి యార్డు వైపు గాలి కిటికీలోంచి కొట్టింది,
ఇద్దరం తుమ్మాం.
ఆవిడ దాన్ని చెరపలేదు. ఒప్పుకోనూ లేదు.

ఒకటీ ముప్పై ఏడు.
ఖుర్దా రోడ్ దగ్గర చుక్క వెలిగింది.
బొమ్మ పెద్దదైంది. ఇంకా పెద్దది.
నా యంత్రం, గీసింది గీసినట్టు,
ఏమీ చెయ్యలేదు.