దిద్దుబాటు

దండాసి చెక్కిన కొమ్ము కొంగకి
నా పేరెట్టి ఫోన్లోకి ఎక్కించినాను.
బరంపురం బేరగాడు మూడువేలు పంపీసినాడు.

ఆ రేత్రి నిద్దరట్టక
ఫోనునే అడిగినాను, క్షమాపణ రాసిపెట్టమని.
రాసింది. గొప్పగా రాసింది.
'మన మధ్య చిన్న అపార్థం' అంది,
'మన బంధం అమూల్యం' అంది.
దొంగతనానికి ఇంత మెత్తటి పేరుందని
అరవయ్యేళ్లొచ్చినా నాకు తెల్దు.
పంపీసినాను.

పొద్దున్నకి జవాబు:
'మీ భావాలను గౌరవిస్తున్నాను.'
మీరా!
మహేంద్రతనయలో గోచీల్లేకుండా ఈదిన కాణ్ణించి
ఒరే తప్ప మరో పిలుపెరగని నోరది.
ఆడూ దాన్నే అడిగినట్టున్నాడు.

పర్లాకిమిడిలో ఒక్క గోడకి అటూ ఇటూ మేం.
ఎక్కడో రెండు మరలు రాజీపడిపోయినాయి,
మా ఇద్దరికీ ఇంకా మాటల్లేవు.

ఈ మధ్యాన్నం నాకు నానే కొట్టడం మొదలెట్టినాను.
'నాను' అని కొడితే
'నేను' అని దిద్దింది.
చెరిపినాను. మళ్లీ దిద్దింది.
కొమ్ము అరగదీసి అరగదీసి గీతలు పోయిన వేళ్లు
అద్దం మీద జారతన్నాయి.
నాలుగోసారికి నిలబడింది:

దండాసీ, కొంగ నీది. నానే దొంగిలించినాను.

గోడవతల
ఆకురాయి చప్పుడు
ఆగింది.