నిండుకుంది

ఉలాన్‌బాతర్‌లో పొద్దున ఆరున్నర.
మైనస్ ముప్ఫై ఒకటి.
బొగ్గుపొగ గొంతులో ముల్లులా దిగే వేళ
ఓద్వాల్ కారెక్కి బటన్ నొక్కింది.
లోపలి ఆడగొంతు జపాన్ భాషలో
మర్యాదగా ఏదో చెప్పింది.
పదకొండేళ్లుగా చెబుతూనే ఉంది.
ఆ మాటకి అర్థమేమిటో ఎవర్నీ అడగలేదు ఓద్వాల్.
"సరే తల్లీ" అంటుంది, రోజూ.

ఇంకో దేశం వాడి వదిలేసిన ప్రియస్.
స్టీరింగూ కుడివైపే, బండ్లు నడిచేదీ కుడివైపే.
ముందున్న లారీని దాటాలంటే
పక్కసీట్లో మనిషిని అడగాలి,
ఎదురుగా ఏమైనా వస్తోందా అని.
ముక్కూమొహం తెలియనివాళ్ల కళ్లతో
దాటుతూ వచ్చింది ఇన్నేళ్లూ.

ఇవాళ్టి కళ్లు దమ్‌దిన్‌వి.
నలైఖ్ గనిలో ఒకప్పటి తూకం గుమస్తా.
ఒళ్లో ఎండు పెరుగు మూట.

బ్యాటరీ బొమ్మలో ఏడు గీతలు, పచ్చగా.
ఎక్కుడు మొదలైంది.
ఏడు.
ఏడు.
మలుపు తిరిగేసరికి రెండు, ఊదారంగులో.

ఆరూ అయిదూ నాలుగూ మూడూ ఏమయ్యాయి?
మెట్లు దిగిన చప్పుడే లేదు,
మిద్దె మీంచి పడిన చప్పుడు తప్ప.
కునుకు తీస్తున్న ఇంజను ఉలిక్కిపడి లేచి
అప్పులవాడికి జవాబు చెప్పే మనిషిలా
గొంతు పెంచింది.

నిండుకుండ తొణకదంటారు.
ఇది తొణక్కుండానే ఖాళీ అయింది.

తెలుగులో ఒక మాట ఉంది, ఓద్వాల్‌కి తెలియదు.
డబ్బాలో బియ్యం అయిపోతే
అయిపోయాయని అనలేం, నోరు రాదు.
నిండుకున్నాయంటాం.
విన్నవాళ్లకి తెలిసిపోతుంది,
గ్లాసు పట్టుకుని పక్కింటికి వెళతారు.
ఇన్నాళ్లూ ఆ ఆడగొంతు
అదే చెబుతోందేమో.

"లారీలు తూచాను ముప్ఫై ఏళ్లు" అన్నాడు దమ్‌దిన్,
"ముల్లు అబద్ధం చెప్పదమ్మా.
చలికి బిగుసుకుపోయి
నిన్నటి బరువే చెబుతుంది, అంతే."

మధ్యాహ్నం గంజోరిగ్ షెడ్డులో
వెనక సీటు ఊడబెరికారు.
ఫ్యాన్ నోటినిండా గొర్రె ఉన్ని,
దేవదారు గింజల తొక్కలు,
వాటి మధ్య
ఒక పాలపన్ను.
కొవ్వులో చుట్టి కుక్కకి పెట్టాల్సిన పన్ను,
పోయిందని కూతురు రెండేళ్ల కిందట
రాత్రంతా ఏడ్చిన పన్ను.
ఓద్వాల్ దాన్ని చేతితొడుగు వేలిలోకి జారవిడిచింది.

ఇరవై ఎనిమిది పలకలు బల్ల మీద.
ఒక్కోదానికీ హెడ్‌లైటు బల్బు తగిలించి
మీటరు చూస్తున్నాడు గంజోరిగ్.
ఏడున్నర. ఏడున్నర. ఏడూ నలభై.
పందొమ్మిదోది బల్బు వెలగగానే
ఆరుకి జారింది.

"ఇదొక్కటే. తక్కినవి దీన్ని మోస్తున్నాయి.
మోసినంతసేపూ నీకు ఏడు గీతలు.
కంప్యూటరు లోపలికి తొంగిచూసి చెప్పదక్కా,
లెక్కేసుకుని చెబుతుంది.
తప్పని తెలిసిన క్షణం
అంతా ఒకేసారి ఒప్పేసుకుంటుంది."

గుద్దుకుని చచ్చిన ఇంకో ప్రియస్ నుంచి
ఒక పలక. లక్షా ఇరవై వేల తుగ్రుగులు.
సగం ఇప్పుడు, సగం జీతగాళ్ల వారంలో.
బేరమాడే ఓపిక లేదని
అప్పుడు తెలిసింది ఓద్వాల్‌కి,
పొద్దున్నుంచీ ఏమీ తినలేదని కూడా.

రాత్రి అదే ఎక్కుడు.
కనుమ మీద రాళ్లకుప్ప, నీలిగుడ్డలు.
మూడుసార్లు హారన్ కొట్టింది.
ఆరు.
అయిదు.
అయిదే, కాసేపు.
నాలుగు.
పైకే లెక్కపెడుతోంది,
వెనక కూర్చున్న కుర్రాళ్లు నవ్వుతున్నా.
తగ్గే అంకె
ఇంత నిమ్మళంగా ఉంటుందనుకోలేదు.

ఇంటి ముందు బండి ఆపింది.
ఆడగొంతు మళ్లీ ఏదో అంది.
రోజూ ఆ మాట మధ్యలోనే తలుపు వేసేసేది.
ఇవాళ చివరిదాకా కూర్చుని వింది.
ఏమీ అర్థం కాలేదు.

లోపలికెళ్లి, అలికిడి చేయకుండా
కుండలోంచి గోరంత కొవ్వు తీసుకుని
కుక్కని పిలిచింది.