తరుగు

కురుపాం మార్కెట్ వెనకసందులో
మా నాన్న దుకాణం నేలని
మొన్న పదకొండు వేలకి అమ్మేశాం.
దుకాణాన్ని కాదు, నేలని.
నలభై ఒక్క ఏళ్ళు ఆయన కూర్చున్న చోట
జానెడు లోతు మట్టి.
సెల్‌ఫోన్ల కుర్రాడు పలకలు పరిచేలోగా
తవ్వుకుపోవాలని షరతు.

కొన్నది నూకరత్నం.
తెల్లారకముందే ఈ సందులన్నీ ఊడ్చి
ఆ దుమ్ము కడుక్కుని బతికే మనిషి.
కుళాయి పక్కన పాత టైరు మీద కూర్చుని
చెక్క మరిగెలో మా నేలని తిప్పుతోంది.

నేనూ తిప్పుతానన్నాను.
నవ్వింది. "సీర తడిసిపోద్దమ్మా."

రోజూ బియ్యం గాలించే చేతులే కదా అనుకున్నాను.
బియ్యంలో అడుగున మిగిలింది పారేస్తాం.
ఇక్కడ అడుగున మిగిలిందే కావాలి.
చేతులకి ఆ సంగతి ఎక్కలేదు,
మూడు తిప్పులకే సగం కాలవలోకి ఒంపేశాను.
కాలవలో గోనెపట్టా ముందే పరిచి ఉంది,
నాలాంటివాళ్ళ కోసమే కాబోలు.

"మరిగిని కాదమ్మా, నీల్లని తిప్పాల.
బరువున్నది యెక్కడికీ పోదు.
నువ్వే కంగారు పడతన్నావు."

ముందు పొట్టు పోయింది,
కుంపటి బొగ్గు పోయింది,
హార్బరు నుంచి ఎగిరొచ్చి
ఈ పాతవూరి అన్నాల్లో కూడా పడే ఎర్రదుమ్ము పోయింది.
నల్ల ఇసుక మాత్రం కదలనంది.

కాటా ముల్లుని ఎవరూ చూసేవారు కాదు,
నాన్న వేళ్ళని చూసేవారు.
"ఇంత తరుగా ఆచారిగారూ?"
ఆయన జవాబు చెప్పడు.
లేచి నిలబడి, రెండు చేతులూ దులిపి,
పంచె కుచ్చెళ్ళు దులిపి,
మళ్ళీ కూర్చుని ఊదుగొట్టం అందుకుంటాడు.
మా వాళ్ళ మీద ఒక సామెత ఉంది,
తల్లి బంగారం గురించి.
పూర్తిగా నేను చెప్పను.

అమ్మ పుస్తెలు అరిగిపోతే కరిగించి పోశాడొకసారి.
రెండు గురిగింజల ఎత్తు తగ్గింది.
నాలుగు రోజులు అమ్మ మాట్లాడలేదు.
ఐదోరోజు మాట్లాడింది,
పాలవాడి బాకీ గురించి.

ఇసుక తోక చివర
పసుప్పచ్చగా ఒక గీత.
కంట్లో పడితే నలుసు, అంతే.
చీపురుకి దొరకనిదంతా
ఆయన మోకాళ్ళ కిందే ఉంది ఇన్నేళ్ళూ.

"రెండు గురిగింజల ఎత్తు నాకమ్ము రత్నం,
బజారు రేటే ఇస్తాను" అన్నాను.
తల అడ్డంగా ఊపింది.
"యెవులిదో యెలాగ తెలుస్తాదమ్మా?
అందరిదీ కలిసిపోనాది."

అప్పుడు గమనించాను,
ఆమె మరిగెలోకి చూడటం లేదు.
నా వేళ్ళని చూస్తోంది.

లేచి నిలబడ్డాను.
రెండు చేతులూ దులిపాను.
చీర కుచ్చెళ్ళు దులిపాను.
నీళ్ళే రాలాయి.

గోళ్ళ సందుల్లో మాత్రం
ఇంటికొచ్చేదాకా చూసుకోలేదు.