లోపలికి పీల్చే ఊఁ

ఈ ఊళ్లో అవునంటే అవునని అనరు.
పెదాలు సున్నా చుట్టి
సర్రున గాలి లోపలికి లాగుతారు, అంతే.
వేడి టీ మొదటి గుక్క జుర్రినట్టు.

వచ్చిన మొదటివారం
"నా ఫారం సరిగ్గానే ఉందాండీ?" అంటే
కౌంటరు వెనకాయన అలాగే పీల్చాడు.
నా గుండె జారి బూట్లో పడింది.
ఏం తప్పు రాశానో తెలీక మళ్లీ అడిగాను.
మళ్లీ పీల్చాడు.
వెనక క్యూలో ఎవరో దగ్గారు.

ఊమెయో.
పేరులోనే ఊ ఉంది, ఊ కొట్టేవాళ్లే లేరు.

నవంబరు. మధ్యాహ్నం రెండున్నరకే
పగలు దుకాణం కట్టేస్తుంది.
మా కారిడార్లో ఎనిమిది గదులు, ఒక వంటగది.
ఫ్రిజ్‌లో నాది ఎడమవైపు మూడో అర.
పెరుగు డబ్బా మీద పేరు రాసినా
ఎవరో రోజూ రెండు చెంచాలు తీస్తున్నారు.
చిలీ నుంచొచ్చిన ఇగ్నాసియా మీద నా అనుమానం.
తన ఉల్లిపాయల విషయంలో ఆమెకి నామీద.
ఇద్దరి అనుమానమూ నిజమే.

ఏడున్నరకి ల్యాబ్.
పైన్ చెట్టు మొదట్లోంచి తీసిన పెన్సిలంత పుల్ల
మైక్రోస్కోపు కింద పెట్టి
దాని వయసు లెక్కపెట్టడం నా చదువు.
నూటపదకొండు దాకా వచ్చి, తుమ్మాను.
మళ్లీ ఒకటి నుంచి.
పక్క బల్ల ఎలోఫ్ తలెత్తకుండా
"పదేళ్లకో సూదిచుక్క పెట్టుకో" అన్నాడు.
మూడు నెలల్లో అతను నాతో అన్న
అతి పొడుగు వాక్యం అది.

శనాదివారాలు తెల్లారుజామున నాలుగింటికి బేకరీ.
ఏలకులు వీళ్లు రొట్టెలో వేస్తారు, గుప్పిళ్లతో.
సోమవారం దాకా నా వేళ్లు
ఎవరిదో పెళ్లికి వెళ్లొచ్చినట్టుంటాయి.

మంగళవారం నాలుగు నుంచి ఏడు
బట్టలుతికే గది నాది.
నేలమాళిగలో గోడకి చిల్లుల పలక ఉంటుంది.
గది నంబరున్న బుల్లి తాళం అందులో బిగించి
మన మూడు గంటలు మనం దక్కించుకోవాలి.
పరీక్షకి ఆలస్యంగా వెళ్తే క్షమిస్తారు,
దీనికి కాదని ఇగ్నాసియా ముందే చెప్పింది.

ఆ మంగళవారం ఏడూ పన్నెండు.
నా దుప్పటి ఇంకా డ్రైయర్లో దొర్లుతోంది.
గుమ్మంలో గున్‌వోర్ గారు, చంకన బుట్టతో.
ఒకప్పుడు ఈ వీధులన్నిటా ఉత్తరాలు పంచినావిడ,
ఒక్కరోజూ ఆలస్యం చెయ్యలేదట.
నోటికొచ్చిన భాషలన్నీ కలిపి క్షమాపణ చెప్పాను.
ఆవిడ ఏమీ అనలేదు.
దుప్పటి తీసి, రెండు మూలలు నా చేతికిచ్చి
రెండు మూలలు తను పట్టుకుని వెనక్కి నడిచారు.
లాగాం. మడిచాం. దగ్గరికొచ్చాం.
మళ్లీ దూరం.

మా అక్కా నేనూ చీరలు మడిచేది ఇలాగే,
ఎవరు గట్టిగా లాగితే వాళ్లు గెలిచినట్టు.
ఆ సంగతి చెప్పబోయాను
నా పసి స్వీడిష్‌లో, క్రియలన్నీ తప్పుచోట పడేస్తూ.
ముందు చీరంటే ఏమిటో చెప్పాలి.
ఎంత పొడుగంటే, అని
మెషీన్ల దగ్గర్నుంచి తలుపుదాకా నడిచి చూపించాను.
ప్రతి ముక్కకీ ఆవిడ సర్రున పీల్చారు.
ఒకసారి. ఇంకోసారి.
అక్క గెలిచిన చోట రెండుసార్లు.

అప్పుడు తట్టింది.
ఇంతసేపూ ఆవిడ ఊ కొడుతున్నారు!
మన ఊ బయటికొస్తుంది, వీళ్లది లోపలికెళ్తుంది.
ఈ చలిలో నోట్లో ఉన్న కాస్త వెచ్చదనం
ఎందుకు ఒలకబోసుకోవాలని కాబోలు.

నిన్న ఫోన్లో అక్క అడిగింది
"డబ్బులు సరిపోతున్నాయా?" అని.
సరిపోవట్లేదు. అయినా
నాకు తెలీకుండానే సర్రున పీల్చాను.
"ఏమైందే, నాలిక కాలిందా?"

వచ్చే మంగళవారం
గున్‌వోర్ గారికి చీర చూపిస్తానన్నాను.
ఉన్నది ఒక్కటే.
దాన్ని ఎన్ని డిగ్రీల మీద ఉతకాలో
అక్కని అడగడం మర్చిపోయాను.